నాలుగు వేళ్లు పైకి

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర.
సముద్రం మీది తడిగాలికి
సోహార్ ఆస్పత్రి అద్దాలు బయటివైపు చెమర్చాయి.
చక్రాల కుర్చీ వద్దని కుంటుకుంటూ వచ్చాడు లింబాద్రి,
ఒక చెప్పు చేతిలో పట్టుకొని.

"నరం గుంజింది మేడం, గంతే.
కబడ్డీల కాలు సాపిన.
గీతైతే ముట్టిన గని, మల్ల లేవరాలే."

ఆర్మూరు అవతల ఊరట. పదకొండేళ్లుగా టైల్స్ పని.
కొత్త విల్లాల స్నానాల గదులన్నీ
గొంతుక్కూర్చునే దాటినవాడు
ఇప్పుడు కుడి పిరుదును గాలిలో ఉంచి
సగం కుర్చీ మాత్రమే వాడుకుంటున్నాడు.

ఒంటి మీద లోహమేమైనా ఉందా అంటే
మొలతాడు తెంపనన్నాడు.
దానికున్న వెండి బిళ్ల ఒక్కటి విప్పి
నా అరచేతిలో పెట్టాడు, వెచ్చగా.

డాక్టరు చీటీలో రెండే మాటలు: కుడి తొడ.
బీమా డబ్బులిచ్చేదీ ఆ మేరకే.
నాది రాయచోటి. నేను బొమ్మ తీసే మనిషిని.
చదివి చెప్పే అధికారం పై అంతస్తులో ఉంటుంది.

పడుకోబెట్టి, పాదం లోపలికి తిప్పబోయాను.
తలుపు కింద రాయి అడ్డుపడ్డట్టు
తుంటి దగ్గర ఆగిపోయింది.
కొత్త నొప్పి ఇలా ఆగదు. బతిమాలుతుంది.
ఇది పాత అడ్డు.

"చిన్నప్పటి సంది గంతే.
సక్లముక్లం కూసునుడు రాదు నాకు.
పెండ్లి పీటల మీద గూడ ఒక కాలు సాపుకున్న.
మా నాయిన తిట్టుడే తిట్టుడు, వీనికి పొగరని."

గొట్టంలోకి పంపాను. యంత్రం డప్పు మొదలెట్టింది.
తెర మీద తొడ వెనక,
కూర్చునే ఎముకను కరిచిపట్టుకున్న మోకు.
పోగులు విడిపోయాయి, సందులో తెల్లగా నీరు.
అడిగింది దొరికింది. ఆపొచ్చు.

మా కాపలాదారు సులేమాన్ ఒకసారి చెప్పాడు:
ఫలజ్‌లో నీళ్లు తగ్గితే ఖర్జూరం మొదట్లో తవ్వం,
కొండ దాకా నడిచి తల్లిబావిలోకి తొంగిచూస్తాం.

ఆ మాట గుర్తొచ్చిందో,
గాలిలో ఉన్న ఆ పిరుదు గుర్తొచ్చిందో,
చతురస్రాన్ని
నాలుగు వేళ్లు పైకి జరిపాను.

బంతి గుండ్రంగా లేదు.
సంగటి ముద్ద చుట్టేటప్పుడు చెయ్యి పూర్తిగా తిరగకపోతే
ఒకపక్క మిగిలిపోయే ఉబ్బు,
అలాంటిది, ఎముక మెడ దగ్గర.
గిన్నె అంచుకు అది తగిలిన ప్రతిసారీ
తిరగాల్సింది తిరగక,
ఆ బాకీ ఇంకెవరో సాగి తీర్చి ఉంటారు.
ఉంటారు అనే అంటున్నాను. నేను చూసింది బొమ్మనే,
పదకొండేళ్లను కాదు.

ఆదివారం పై అంతస్తు నుంచి ఫోను.
"తుంటి ఎవరడిగారు?"
పేషెంటు కదిలాడని అబద్ధమాడాను.
చాలాసేపు మౌనం. తర్వాత, మెల్లగా:
"ఇది ఉన్నవాళ్లలో అది దెబ్బతినడం కాస్త ఎక్కువే చూస్తాం.
దీనివల్లే అది తెగిందని మాత్రం రాయలేను."
రెండూ రాశాడు. పక్కపక్కన. మధ్యలో ఒక కామా.

ఆ కామా కంపెనీవాళ్లకి చాలింది.
తెగింది ఆటలో, వంకర ముందునుంచీ ఉన్నది,
కనుక పనికి సంబంధం లేదు.
నా నాలుగు వేళ్ల వెడల్పులోంచే
వాళ్లకు దారి దొరికింది.

చెప్పడానికి క్యాంపుకి ఫోన్ చేశాను.
డబ్బు మాట విని ఊఁ అన్నాడు.
ఎముక మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.
"అంటే పొగరు కాదన్నట్టు."
"కాదు."
"ఆ ఫోటో జర పంపుర్రి మేడం,
మా నాయినకు సూపెట్టాలె."

పంపకూడదు. నియమం.
వెండి బిళ్ల ఇంకా నా కోటు జేబులో ఉంది.
క్యాంపు బస్సు బుధవారం వస్తుంది.