నలభై రెండో వారం

గలాలో మా క్యాంపు రేకులకింద
గురువారం రాత్రంటే దుబ్బయ్యది.
డ్యూటీ దిగి తానం చేసి
తడి తువ్వాల భుజం మీదేసుకొని
బోర్లిచ్చిన నూనెడబ్బ మీద కూసునేటోడు.
ఏడో తరగతి దాంక సదివిండు,
మా పన్నెండు మందిల గదే పెద్ద సదువు.

వారపత్రిక బొంబై మీదికెళ్లి నెల ఆలస్యంగ దిగేది.
రువీల మలబారాయన దుకాణంల మూడొందల బైసలు,
తలా పాతిక.
ముందుగాల రాశిఫలాలు, గడిచిపోయిన నెలవి.
"ధనలాభం" అని సదవంగనె
అందరం కడుపు పట్టుకొని నవ్వుడు.
ఎన్కకెళ్లి సినిమా ముచ్చట్లు.
ఆఖరుకు సీరియల్.

ఆకుపచ్చ చీర కట్టిన ఒకామె
అర్ధరాత్రి చిన్న టేషన్ల రైలు దిగుతది.
చేతిల తాళమేసిన రేకు పెట్టె.
నలభై ఒక్క వారాలు గా పెట్టె తెరవలే.
రాసినోళ్లకు మా ఉసురు తగుల్తదన్నడు సాయిలు.

నలభై రెండో వారం తెరిచింది.

గని గా పేజీ వెనుక ఒక హీరోయిన్ రంగుల బొమ్మ.
ఎయిర్‌పోర్టుల కూసున్నాయన ఎవలో,
పాపం, నౌకరి చేసుకున్నడు,
నడుము కనవడ్డ కాడల్ల నల్ల మార్కరు పూసిండు.
సిరా ఇవతలికి దిగింది.
"ఆమె వణికే చేతులతో మూత ఎత్తింది. లోపల..."
గంతె.
లోపల నల్లగ.

ట్యూబులైటుకు అడ్డం పెట్టి సూసినం.
నిమ్మకాయ రుద్దినం, కాయితం చినిగింది.
తర్వాతి వారం కత ముందుకు వోయింది,
లోకమందరికి తెలిసినట్టె, మాకు తప్ప.

సాయిలు భూమి కాయితాలన్నడు.
పెద్దరాజం కుట్టుమిషన్ తలకాయ.
జహంగీరు, బిడ్డ పాలపండ్లు
అని, అనుకుంటనె లేచి బైటికి వోయిండు.
ఇరవై రెండేండ్లోన్ని నేను, ప్రేమలేఖలన్న,
వారం దాంక ఏడిపిచ్చిన్రు.
దుబ్బయ్య ఒక్కడే నోరిప్పలే.
"అచ్చుల లేనిది నేను సదువ."

గప్పట్ల అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కేటియి.
పాటల క్యాసెట్ మీదనె ఇంటి మాటలు నింపి పంపేటోళ్లు.
"బువ్వ తింటున్నవా కొడుకా" అని అవ్వ ఆగంగనె
డప్పులు, ఈలలు, వందమంది ఎగిరినట్టు,
చెరగకుంట మిగిలిన పాట తోక.
కిరాయి వీసీఆర్ల బొమ్మ ఒక్కో కాడ గీతలు గీతలు,
మాకన్న ముందు చూసినోడెవడో
గాడనె తిప్పి తిప్పి అరగదీసిండు.

తొంబై ఏడుల దుబ్బయ్య ఎండదెబ్బకు ఒరిగిండు.
ఆయన పోయిన పెట్టెల ఏమున్నదో
ఎవ్వలం అడగలే.
పైన రాసే ఉండె, రెండు భాషలల్ల.
తెలుగుల లేకుండె.

మొన్న రువీల బండి పక్కకాపి
అక్క కొడుకు అక్షిత్ ఫోన్ తీసిండు.
"పాత పత్రికలన్నీ ఎవలో ఫోటోలు తీసి పెట్టిన్రు మామా,
ఏ వారం?"
చాయ్ గిలాస డాష్‌బోర్డు మీద పెట్టి చెప్పిన.

ముందు బొమ్మ వచ్చింది.
ముప్పై ఏండ్లకు కనవడ్డ నడుము.
మామూలు నడుము.
చీర పిన్ను ఒకటి ఊడి ఉంది, గంతె.
పోరడు పేజీ జరిపిండు.

"లోపల తుపాకి."

"కతల తుపాకి గాక ఏముంటది మామా?"
నిజమె.
గని పన్నెండు మందిమి
ఆరేండ్లు కొట్లాడితిమి,
ఒక్కనికి తుపాకి యాదికి రాలే.

మొదటి వారం పెట్టు, సదువు అన్న.
ఇంగ్లీషు మీడియం పోరడు
ఒత్తుల కాడ తట్టుకుంట తట్టుకుంట,
ఆకు... పచ్చ... చీర...
టేషన్ పేరు కాడ ఆగిండు.

నేనందిచ్చిన.