నదికి అవతల గంట ముందు

మడవాస్కాలో మా మందుల షాపు కిటికీలోంచి చూస్తే
గడ్డకట్టిన నది, దాని అవతల కెనడా.
వంతెన దాటితే గడియారం గంట ముందుకి దూకుతుంది.
మందు ధర ఎటు దూకుతుందో
నేనెప్పుడూ అడగలేదు.

జనవరి తొమ్మిది, మంగళవారం.
రోసేర్ ఉలెట్ రెండు చీటీలతో వచ్చాడు.
ఎనభై ఒకటి దాటినా
బూట్ల మంచు గుమ్మం బయటే దులుపుకునే మర్యాద.
ఒకటి ఎమెరిల్డాది, ఒకటి తనది.
జ్వరం ఎప్పుడొచ్చిందని అడిగాను.
ఆమెకి నిన్న రాత్రి, గిన్నెలు తోముతుంటే.
తనకి ఇవాళ పొద్దున. "కొంచెం."

రెండు రోజుల్లోపే మొదలుపెట్టాలి, అన్నాను.
పొద్దునొకటి, రాత్రొకటి, ఐదు రోజులు.
ఫ్లూ ఓ రోజు ముందే తగ్గొచ్చు.
ఆ "ఓ రోజు" దగ్గర నా గొంతు ఎప్పుడూ చిన్నబోతుంది.
ఇరవై ఏళ్ల వాడికి అదొక సెలవు.
ఎనభై ఏళ్ల ఊపిరితిత్తులకి
జారే మెట్ల మీద చేతికందిన కమ్మీ.

జనవరి కదా,
ఇన్సూరెన్సు లెక్క మళ్ళీ సున్నా నుంచి.
డిసెంబరులో జబ్బు పడాల్సింది మీరు
అని నేననలేదు, తెర మీది అంకె అంది.
డబ్బాకి నూట ముప్ఫై ఆరు డాలర్లు.

పర్సు తెరిచి
నోట్లని బంగాళాదుంపలు ఏరినట్టు ఏరాడు,
పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు.
"ఆమెది ఇవ్వు.
నాది శుక్రవారం, మిల్లు పింఛను పడ్డాక.
నాది ఉత్త దగ్గే," అన్నాడు దగ్గుతూ.

శుక్రవారం సాయంత్రానికి ఎనభై గంటలు.
అతని వీపు చూస్తూ వేళ్ల మీద లెక్కపెట్టాను.
కూపన్ వెతికాను.
అరవై ఐదు దాటితే చెల్లదని చిన్న అక్షరాల్లో ఉంది.
నా జేబులోంచి కట్టొచ్చుగా అంటారు మీరు.
నేనూ అనుకున్నాను.
ఆ రోజు అలాంటి చీటీలు పదకొండు.

పింఛను శుక్రవారం పడింది.
రోసేర్ గురువారమే పడ్డాడు, కట్టెల కొట్టంలో.

ఆరు రాత్రులు ఆస్పత్రి, మూడు ఆక్సిజన్ మీద.
హెలికాప్టర్ కూడా పిలిచారట, మంచు తుఫాను ఆపేసింది.
"తుఫాను మేలు చేసింది," అంది ఎమెరిల్డా,
"అదీ మా బిల్లులోనే ఎగిరేది."

ఆమెకి ఐదో రోజుకే తగ్గింది.
పదో రోజున కౌంటరు మీద బిల్లు పరిచి
కళ్లజోడు సవరించుకుంది.
"ఆయన డబ్బా ఎంతన్నారు ఆ రోజు?"
చెప్పాను.
పెన్సిలుతో మూలన రాసుకుంది, చిన్నగా.
తీసివేత చెయ్యలేదు.
"వేసుకున్నా పడేవాడేమో?"
"కావచ్చు," అన్నాను.
మా షాపులో ఉచితంగా దొరికేది ఆ ఒక్క మాటే.

ఎవరూ తీసుకోని మందు
పది రోజులకి అరలోకి తిరిగి పోవాలి.
పేరు చీటీ గోరుతో గీకాను.
"రోసే" వరకూ ఊడింది,
మిగతాది అట్టనే పట్టుకుంది.
గోడ మీద ఐదు.
అవతలి ఒడ్డున అప్పటికే ఆరు.