నూట ఎనభై నాలుగు

మూడోసారి ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చి
బల్ల మీద ధన్‌మని పెట్టింది నూకరత్నం.
"ఏటి బావూ, నీ కాడ కాలతాది, నా కాడ కాలదు.
దీనికీ నాకూ ఏటి పగ?"

ప్లగ్గులో పెట్టాను. నిమిషంలో
తడిచెయ్యి విదిలిస్తే చుయ్‌మంది.
రేకు మీద అక్షరాలు అరిగినా చదవొచ్చు:
రెండు వందల ముప్పై వోల్టులు, వెయ్యి వాట్లు.
మీటరులో కరెంటు నాలుగు పాయింట్ మూడు అయిదు.
వోల్టుల్ని దాంతో భాగిస్తే
యాభై రెండు పాయింట్ తొమ్మిది ఓములు.
అదీ ఆ కాయిల్ మొండితనం.
కొన్న రోజూ అంతే, ఈ రోజూ అంతే.
పెట్టెలో తప్పు లేదు.

మా మేస్త్రి అసిరయ్య అనేవాడు:
"వస్తువు నీ బల్ల మీద బాగుంటే
అది పనిసేసే సోటికి నువ్వెల్లు."
షట్టరు సగం దించి మీటరు జేబులో వేసుకున్నాను.

కంచరపాలెం మెట్టు దాటి, కొండ మీదికి
నూట పన్నెండు మెట్లు.
ఎవరింట్లోనో ఎండు నెత్తళ్ళు వేగుతున్నాయి.
ఆయాసానికి ఆగి వెనక్కి తిరిగితే
రైల్వే యార్డు, దాని అవతల హార్బరు క్రేన్లు,
ఆ పైన బూడిదరంగు గీతలా సముద్రం.

ఒకే గది. బల్ల నిండా
పోర్టు గార్డుల ఖాకీలు, నర్సింగు పిల్లల తెల్లకోట్లు,
రేపు పొద్దున్నకి ఇవ్వాల్సినవి.
ప్లగ్గులో మీటరు ముళ్ళు గుచ్చాను.
రెండు వందల ముప్పై.
పెట్టె ఆన్ చెయ్యమన్నాను.
అంకె కాలు జారినట్టు జారి
నూట ఎనభై నాలుగు దగ్గర ఆగింది.
ఆపితే మళ్ళీ రెండు వందల ముప్పై.

అడగనంతసేపూ నిండుగానే ఉంటుందన్నాను.
"మా సీటీల పైడయ్యలాగ" అంది,
"సొమ్మడిగే దాకా మా గొప్ప మనిసి."

ఆమె పద్దుపుస్తకంలోనే
చొక్కాలు ఆరు, పాంట్లు నాలుగు కింద లెక్క వేశాను.
నూట ఎనభై నాలుగుని యాభై రెండు పాయింట్ తొమ్మిదితో భాగిస్తే
మూడు పాయింట్ నాలుగు ఎనిమిది ఆంపియర్లు.
ఆ రెండూ గుణిస్తే ఆరు వందల నలభై వాట్లు.
వోల్టు పోయింది అయిదో వంతే,
దాని చెయ్యి పట్టుకుని కరెంటూ పోయింది.
రెండు దెబ్బలూ వేడి మీదే పడ్డాయి.

మరి ఆ నలభై ఆరు వోల్టులూ
ఎక్కడో దిగి ఉండాలి కదా!
మూడు పాయింట్ నాలుగు ఎనిమిదితో గుణించాను:
నూట అరవై వాట్లు
ఈ కొండ మీద ఎక్కడో ఊరికే కాలుతున్నాయి.
కింద గోడ మీది బిల్లు మీటరు
ఎనిమిది వందలకీ తిరుగుతోంది.

తీగ వెంట దిగాను.
అరవై ఏడో మెట్టు దగ్గర,
ఏదో తుఫానుకి తెగితే ఎవరో మెలిపెట్టిన అతుకు.
టేపు తారులా కారి పిట్టగోడ మీద గడ్డకట్టింది.
దానికి జానెడు దూరంలో
ఒక చారల పిల్లి వెచ్చగా ముడుచుకుని పడుకుంది.

మెయిన్ ఆపి, టేపు విప్పాను.
లోపల రాగి కాదు, పచ్చని పొడి.
ఎన్నేళ్ళుగానో ఉప్పుగాలి మేసింది.
కోశాను, గరుకు కాగితంతో రుద్దాను,
ఎర్రగా మెరిసే దాకా.
కొత్త కనెక్టరు బిగించాను.

ఇప్పుడు పెట్టె కాలుతున్నా
పైన రెండు వందల ఇరవై ఎనిమిది.
ఆ రెండూ తీగ దారిఖర్చు, ఎవరూ అడగరు.
"ఎంత?" అంది. నేను చెప్పేలోపే
"సొక్కా ఇప్పు" అని
కాలరు నుంచి మొదలెట్టింది.
పద్దులో నా లెక్క కిందే రాసింది:
చొక్కా ఒకటి. బాకీ లేదు.

దిగుతుంటే అరవై ఏడో మెట్టు మీద పిల్లి,
చల్లారిన గోడని మూతితో తడిమి
నా వైపు అదోలా చూసింది.
దాని పద్దులో నా పేరున
నూట అరవై బాకీ.