వాషరు

మా నాన్న పేరు గురువులు.
పని నేర్పిన గురువు మాత్రం ఆయనకి లేడు.

నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు
మగ్గాల కిందికి దూరి నారపొట్టు ఊడ్చాడు.
యంత్రాన్ని అందరూ ఎదురుగా నిలబడి చూశారు.
ఆయన కిందినుంచి చూశాడు,
దాని పొట్ట, దాని చెమట,
నూనె కారే చోటు, పళ్లు అరిగిన చోటు.

రాత్రి షిఫ్టులో పదకొండో మగ్గం మూలిగితే
ఫిట్టరు నరసింగరావు బీడీ ముట్టించుకుని
"ఏట్రా గురువులూ, ఏటంటందిరా ఇది?" అనేవాడు.
"ఎడంపక్క బేరింగు బాబూ. రేపటేలకి సచ్చిపోద్ది."
తెల్లారేలోగా మార్చేవారు.
లాగ్ బుక్కులో నరసింగరావు సంతకం.
నెల తిరక్కుండా మళ్లీ మూలుగు.

ఒక్కసారి స్పానరు పట్టుకుంటానని అడిగాడట నాన్న.
"నువ్వు పట్టుకుంటే ఊడ్చేదెవుడ్రా?" అని నవ్వారట.
ఎవరూ తిట్టలేదమ్మా అంటాడు.
చాలాసార్లు అంటాడు ఆ మాట.

నేను ఐటీఐలో ఫిట్టరు చదివాను,
విజయనగరంలో, ఇరవై తొమ్మిదిమంది మగపిల్లల మధ్య.
ఇనప దిమ్మని ఆకురాయితో రుద్ది రుద్ది
వెంట్రుకవాసి తేడా లేకుండా చదరం చేశాను.
మైక్రోమీటరు నన్నేమీ అడగలేదు.

గరివిడి దారిలో కొత్త ఫ్యాక్టరీ.
సారు మార్కులు చూసి బాగున్నాయన్నాడు.
"ఏ వీధమ్మా మీది?"
రెల్లివీధి అన్నాను.
నా కాగితాన్ని బల్లమీద ఎంత మెల్లగా పెట్టాడో,
గాజుపెంకుని పెట్టినట్టు.
"ఫిట్టర్లు నిండిపోయారు.
హౌస్ కీపింగులో అయితే రేపట్నించే రావచ్చు.
మీకు అలవాటే కదా."

ఆయనా తిట్టలేదు.

ఇప్పుడు చంపావతి వంతెన ఇవతల రేకుల షెడ్డు నాది.
మోటార్లు, గ్రైండర్లు.
నేను బాగుచేసిన గ్రైండరుని
ఇంటికి తీసుకెళ్లి పసుపునీళ్లతో కడుగుతారని తెలుసు.
కడగండి.
తిరుగుతుంది.

ఊడ్పులో దొరికిన ప్రతి నట్టూ, ప్రతి బోల్టూ
లెక్కగా ఆఫీసులో అప్పజెప్పేవాడు నాన్న.
ఒక్క వాషరు తప్ప.
నేను పుట్టిన నెలలో, వెండిబిళ్ల కొనలేక
దాన్ని నల్లతాడుకి గుచ్చి నా మొలకి కట్టాడు.

నిన్న రేకుపెట్టెలో దొరికింది.
కొలిచాను. పన్నెండు మిల్లీమీటర్ల బొర్ర.
అంచు ఒకపక్క అరిగింది.
"ఏ మగ్గానిది నాన్నా?"
చెవిదగ్గర పెట్టుకుని గోటితో మీటాడు.
మిల్లుకి తాళం పడి ఎన్నేళ్లయిందో,
ఆయన మాత్రం ఇంకా విన్నాడు.

"పదకొండోది" అన్నాడు.
"ఇది నేకే అది అలాగ మూలిగేది.
బేరింగుదేటీ తప్పు నేదు."

మా నాన్న దొంగలా నవ్వడం
అదే మొదటిసారి చూడటం.