లో

చిలకలగూడలో మా బైండింగు కొట్టుకి
పుస్తకాలు జబ్బు మనుషుల్లా వస్తాయి,
వెన్ను విరిగో, అంచులు రాలిపోయో,
బియ్యం సంచిలో, పాత చున్నీలో చుట్టుకుని.

మొన్న మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి
ఒకే ఇంటివి రెండు బైబిళ్ళొచ్చాయి.
అత్త జీవరత్నమ్మది నల్ల అట్ట,
అరచేతి చెమటకి గోధుమరంగు తేలింది.
కోడలు బ్యూలాది వాడుక భాషలో కొత్తగా వేసింది,
అట్ట నిండా పూలు.
రెండూ ఒక్క చోటే తెగాయి,
యోబు దేవుడితో వాదించే పుట దగ్గర.
ఎక్కడ ఎక్కువసార్లు తెరుస్తారో
పుస్తకం అక్కడే తెగుతుంది.
ముప్ఫై ఏళ్ళలో నాకు వచ్చిన శాస్త్రం ఇదొక్కటే.

అత్త పుటలో ఊదారంగు కాపీయింగ్ పెన్సిలు గీత:
ఆయన తనని చంపినా సరే
ఆయన కొరకు కనిపెడతానంటాడు యోబు.
కోడలి పుటలో అదే అంకె, అదే యోబు:
చంపుతాడు, నాకింక ఆశ లేదు, అంటాడు.
పక్కన బాల్‌పెన్నుతో ప్రశ్నార్థకం,
కాయితానికి చిల్లు పడేంత.

కనిపెట్టడమంటే ఏంటమ్మా, అని అడిగాను.
నాకు తెలిసి జనం కనిపెట్టేది
బల్బునో, దొంగనో.
"కాచుకుని ఉండటం నాయనా" అంది జీవరత్నమ్మ.
"లాలాగూడ ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసేప్పుడు
పేషెంటు ఊపిరిని కనిపెట్టుకుని కూచునేవాళ్ళం, అట్లా."
బ్యూలా గుమ్మంలోంచే అంది,
"ఎబినేజరుని కూడా కనిపెట్టారు కదత్తయ్యా.
పదకొండు రాత్రులు."
ఇద్దరూ ఒకే ఆటోలో
మధ్యన మూడో మనిషికి చోటొదిలి కూర్చుని వెళ్ళిపోయారు.

నాకు పని నేర్పిన ఉస్తాద్
ఛత్తాబజార్‌లో పెళ్ళి రుఖ్ఖాలు రాసేవాడు.
చుక్క పైనుంటే ఖుదా, అనేవాడు,
అదే చుక్క కిందికి జారితే జుదా.
దేవుడికీ ఎడబాటుకీ మధ్య
కలం వణికినంత దూరం, బేటా,
రాసేటప్పుడు మాట్లాడకు.

థీసిస్ బైండింగుకి వచ్చిన సెమినరీ కుర్రాడు
ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచుతూ చెప్పాడు:
హెబ్రీలో అక్కడున్నది ఒక్క చిన్న మాట, "లో".
ఒక అక్షరంతో రాస్తే లేదు.
ఇంకో అక్షరంతో రాస్తే ఆయన కొరకు.
చెవికి రెండూ ఒకటే.
పాత లేఖకులు లోపల లేదని రాసి
అంచున, ఆయన కొరకని చదువుకోమన్నారు.
మరి ఏది సరైనదయ్యా, అన్నాను.
బిస్కెట్టు విరిగి గ్లాసులో పడింది.
"మా సారు రెండిటికీ మార్కులేశారు" అన్నాడు.

ఆ రాత్రి మైదా జిగురు కాస్తూ
ఆ మాటని నోట్లో తిప్పుకున్నాను.
యోబు రాయలేదు కదా, అన్నాడు.
పుండ్లు గోక్కుంటూ, ఎండిన నోటితో అన్నాడు.
పక్కనున్న స్నేహితులకి ఏది వినపడిందో.
అతను ఏది అన్నాడో
అన్నవాడికైనా తెలుసో లేదో.

మనకీ ఒక "లో" ఉంది.
అది ఒంటరిగా నిలవలేదు,
ఏదో ఒకదాని వెనక చేరాలి,
ఇంటిలో, మంచంలో, ఊపిరిలో,
పదకొండో రాత్రిలో.
ఈ సంగతి సెమినరీ కుర్రాడికి చెప్పలేదు.
నవ్వుతాడని.

శనివారం బ్యూలా ఒక్కతే వచ్చింది.
తన పూల అట్ట వైపు చూడనైనా చూడలేదు.
అత్తదాని వెన్ను వేళ్ళతో తడిమి
"పెన్సిలు గీత పోలేదు కదా?" అంది.
పోలేదన్నాను.
మీ ప్రశ్న పక్క చిల్లుకి
పల్చని కాయితం అతికానని కూడా చెప్పాను,
ప్రశ్న చెరగకుండా.
ఆమె డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టింది.

జిగురు పచ్చిగా ఉంది, రేపటిదాకా తెరవొద్దన్నాను.
సరేనంది.
బస్టాపు దాకా కూడా పోకుండా
గోలీసోడా బండి పక్కన ఆగి తెరిచింది.
ఏ పుస్తకమో
ఇక్కణ్ణించి కనపడలేదు.