రెండో కుర్చీ

కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల శనివారం రాత్రి
చెక్క నేల మీద బోరిక్ పౌడరు చల్లేది మా నాయిన.
చల్లి, చీపురు మూలకు పెట్టి,
బయటి మెట్ల మీద కూసునేటోడు. పక్కన నేను.
పాట మొత్తం మాకు వినబడేది,
ఆడేటోళ్ల కాళ్లు మాత్రమే కనబడేవి.

పదమూడు మంది బ్యాండు.
ముందు వరుసల నాలుగు శాక్సాఫోన్లు.
మొదటి కుర్చీ మెయిల్ డ్రైవర్ డెంజిల్ రొజారియోది.
రెండో కుర్చీల సింగారపు ఓదెలు,
లోకో షెడ్డుల ఖలాసీ,
మడికొండ సన్నాయోళ్ల ఇంటి పిల్లగాడు.

తండ్రి ఇచ్చిన ఆస్తి రెండే:
బుగ్గల గాలి దాచి తెంపు లేకుండ ఊదే ఒడుపు,
గడ్డం గీసే కత్తి.
కలకత్తా నుంచి వచ్చే రీడు మందంగ ఉండేది.
ఓదెలు దాన్ని నాలుక మీద నానబెట్టి,
దీపానికి అడ్డం పట్టి చూసి,
పెండ్లికొడుకు చెంప మీద నడిపినట్టు
కత్తి నడిపేటోడు.
చిటికెడు పొడి రాలేది, అంతే.
రీడు మాట వినేది.

రెండో కుర్చీ అంటే ఏందో చెప్పాలె.
పాట మొదటి కుర్చీది.
రెండోది ఒక మెట్టు కింద నడుస్తది.
ఒక్కోసారి ఒకే స్వరం మీద ఎనిమిది దెబ్బలు నిలబడాలె,
సిగ్నల్ పడక ఔటర్ల ఆగిన గూడ్సు లెక్క.
అది లేకుంటే పాట పలచనైంది అంటరు జనం,
ఏం పోయిందో చెప్పలేరు.

ఇంటికాడ ఓదెలు సాధన చేసేది ఆ కింది మెట్టే.
వాడకట్టు నవ్వేది:
"పదేండ్లాయె, ఒక్క పాట తిన్నగ రాకపాయె."
కనుకవ్వ మాత్రం ఏమనలే. ఆమెకు అదే పాట.
బియ్యం చెరిగితే అదే,
తొట్టెల ఊపితే అదే.

ఒక్క రాత్రి, డెంజిల్ దొర బండి బల్లార్షా కాడ చిక్కి,
ఓదెలు మొదటి కుర్చీకి జరిగిండు.
లేచి నిలబడి ఊదిండు.
సగం దాక డాన్సు పాట,
ఆ తర్వాత అది ఎటో పోయింది,
మడికొండ పెండ్లి పందిరి కిందికి పోయింది.
కాళ్లు ఆగినయి.
మెచ్చి ఆగినయో, తాళం తప్పి ఆగినయో,
మెట్ల మీది నాకు ఇప్పటికీ తెల్వది.
తెల్లారి శనివారం కూడ ఆయన రెండో కుర్చీలనే ఉన్నడు.

డీజిల్ ఇంజన్లు వచ్చినయి.
దొరలు ఒక్కొక్కరే పెర్త్‌కు టిక్కెట్లు కొన్నరు.
ఇన్‌స్టిట్యూట్‌ల క్యారమ్ బల్లలు పడ్డయి.
షెడ్డు డ్యూటీ దిగినంక ఓదెలు
వరంగల్ చౌరస్తాల ఎర్రకోటు తొడిగిండు,
జహంగీర్ మాస్టర్ బ్రాస్ బ్యాండు,
గుర్రం ముందల క్లారినెట్.
ఆయన వెనుక నేను.
ఇప్పుడు పాట ఆయనదే గని
రెండో చరణానికల్లా కిందికి జారేటోడు.
"పాట యాడ వోయిందిరా?" అని మాస్టర్ అరిస్తే
నా దిక్కు చూసి కన్ను గీటేటోడు.
పైమెట్టు నేను అందుకునేటోణ్ణి.

తర్వాత ముందు పండ్లు రెండు ఊడినయి.
పై పంటి ఆసరా లేనిది క్లారినెట్ నిలవది.
కట్టుడు పండ్లతోని ఒక సీజన్ లాగిండు,
ఈలలు, పిల్లకూతలు.
ఆ ఎండాకాలమే ఊరేగింపులకు డీజే బండ్లు దిగినయి.
మమ్మల్నెవరు తీసేయలే,
పిలుసుడు మర్చిపోయిండ్రు.

దినాలైన తెల్లారి కత్తి అడుగుదామని పోయిన.
వాకిట్ల కనుకవ్వ బియ్యంల రాళ్లు ఏరుతూ
కూనిరాగం తీస్తున్నది.
నేను గుర్తుపట్టిన. శనివారం రాత్రిది,
బోరిక్ పౌడరు వాసనది.
సంచిల క్లారినెట్ తీసి
ఆమె రాగం మీద, మెల్లగ,
మెట్ల మీద కూసోని నేర్చిన పాట పెట్టిన.
రెండు మెట్లు ఆ ఇంట్ల మొదటిసారి కలిసినయి.

ఆమె చేట మీద చెయ్యి ఆపింది.
ఏడుస్తదేమో అనుకున్న.

"మంచిగనే ఉన్నది గని,
నీది అడ్డమొస్తున్నది. ఆపు బిడ్డా."

విడిచిన కాడ అందుకున్నది.
ఒకే స్వరం మీద
ఎనిమిది దెబ్బలు నిలబడ్డది.
నేను లెక్కబెట్టిన.