కూలి ఎవరికిచ్చిండ్రు

మడికొండ గుట్ట వెనక క్వారీలో
మా నాయిన ఆలకుంట ఐలయ్య
రాయిని కొట్టే ముందు వినేవాడు.
సుత్తి మొనతో ఒక్క తట్టు.
ఖంగుమంటే మంచిది.
బొద్దుమంటే లోపలెక్కడో పగులు.
మనుషుల్నీ అట్లనే తట్టి చూసేవాడు,
పాస్టరు జకరయ్యను కూడా.

ఆదివారం వాక్యం విని ఇంటికొచ్చి
కాళ్ళు కడుక్కుంటూ ఏదో ఒకటి అడిగేవాడు.
చేతులు తగలకుండానే కొండ నుంచి తెగిన రాయి
రాజ్యాల బొమ్మను పిండి చేసిందట,
ఆ రాయే మెస్సీయట.
"చెయ్యి పడకుండనే తెగిందా?
మరి కూలి ఎవరికిచ్చిండ్రు?"
అమ్మ నవ్వుకుంటూ
కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఎడారిలో దెబ్బ తిన్న బండ
నీళ్ళిచ్చిందన్న రోజు మాత్రం నవ్వలేదు.
ఏ ఎండాకాలమో, బావి తవ్వకంలో,
పదహారు గజాల కింద
తన సమ్మెటకు చెమ్మగిల్లిన బండ
గుర్తొచ్చిందేమో.
"దెబ్బ పడకుండ ఏ బండ ఇస్తది బిడ్డా"
అని, కలిపిన అన్నం ముందు
చాలాసేపు కూర్చున్నాడు.

మందిరం కడుతున్నప్పుడు
కానుకగా ఒక రాయి చెక్కి తెచ్చాడు.
నల్లరాయి. అడ్డంగా ఎర్రటి నర.
మూడు మూలలు ఉలికి లొంగాయి, నాలుగోది లొంగలేదు.
మేస్త్రి కాలితో తోసి చూసి
పక్కకు వేయించాడు.
పాస్టరు ముఖం వెలిగిపోయింది.
కట్టేవాళ్ళు వద్దన్న రాయే కదా
మూలకు తలరాయి అయింది!
వాక్యం మన వాకిట్లోకే వచ్చింది!
నాయిన తల గోక్కున్నాడు.
"అయ్యా, ఇది పిల్లర్ల కట్టడం.
బరువంత ఇనుప చువ్వల మీద.
గోడలు కూలినా కప్పు నిలబడతది.
ఇప్పటోళ్ళకు మూలరాయితోటి పనే లేదు."
పాస్టరు ఏమీ అనలేదు.

పారేసిన రాయికి ఎప్పుడో పిలుపు వస్తుంది.
అక్కరే తీరిపోయిన రాయికి?

ఓరుగల్లు అంటే ఒంటిరాయి.
ఒక్క బండ పేరు మోసే ఊళ్ళో
ఆ ఒక్క రాయీ మెట్ల పక్కన పడి ఉండేది.
కరెంటు పోయిన రాత్రుళ్ళు
ప్రార్థనకొచ్చేవాళ్ళ కాళ్ళకు తగిలేది.
రూతమ్మ బొటనవేలి గోరు ఊడింది.
తీసేయాలని సంఘం తీర్మానించింది.
ఎవరూ తీయలేదు. బరువు.
చంటిపిల్లకు పాలిచ్చే తల్లి,
తాగొచ్చి లోపలికి రావడానికి సిగ్గుపడే మొండయ్య,
దాని మీదే కూర్చుని
కిటికీలోంచి వినేవాళ్ళు.

చివరి రెండేళ్ళు నాయిన కూడా.
ఊపిరితిత్తుల్లో ముప్ఫై ఏళ్ళ రాతిదుమ్ము.
తన దగ్గుకు పాట చెడుతుందని బయటే.
ఆస్పత్రిలో డాక్టరు
వీపు మీద వేళ్ళతో తట్టాడు.
ఆ చప్పుడు నాయిన విన్నాడు.
నా వైపు చూసి మెల్లగా తలూపాడు.

మట్టి చేసిన మర్నాడు
సమాధి మీదికి ఆ రాయే తెద్దామన్నారు పెద్దలు.
బాగుంటుందనే అనిపించింది నాకు.
అమ్మ అడ్డం నిలబడింది.
"బతికినన్నాళ్ళు మోసిండు.
లేచేనాడు గూడ
ఆయనే దొర్లించుకోవాల్నా?"

రాయి అక్కడే ఉంది.
మొన్న వాన వెలిశాక వెళ్ళాను.
ఎర్ర నర పొడుగునా సన్నగా నీళ్ళు.
చుట్టూ ఎవరూ లేరు.
తాళంచెవితో ఒక్క తట్టు తట్టి
చెవి ఆనించాను.
సరిగ్గా అప్పుడే
కాజీపేట వైపు గూడ్సు బండి పోయింది,
చాలా పొడుగుది.